మాయకు కొలత నేర్పిన కదిరి వెంకటరెడ్డి

తెలుగు నాట మూడు తరాల పిల్లలు ఒకే లడ్డును చూచి నవ్వినారు. పళ్లెంలో పేర్చిన కుప్పనుండి ఆ లడ్డు తనంతట తానే లేస్తుంది. గాలిలో తేలుతూ పోయి ఘటోత్కచుని నోట పడుతుంది. దాని వెనుక మరొకటి, ఆ వెనుక ఇంకొకటి. చేయి కదలదు, దారం కనిపించదు. ముందు వరుసలో కూర్చున్న పసివాడు తనకు తెలియకుండానే తన నోరు కూడ తెరుస్తాడు. వాని ప్రక్కనున్న తాత, ఆ వయస్సులో తాను కూడ అట్లే నోరు తెరచిన సంగతి జ్ఞాపకం చేసికొని లోలోపల నవ్వుకొంటాడు. 1957వ సంవత్సరం మార్చి 27వ తేదీన విడుదలైన మాయాబజారు చిత్రం ఇంటిల్లిపాదికి పంచిపెట్టిన ఆనందం అట్టిది.

ఆ విందును వండి వడ్డించిన దర్శకులు కదిరి వెంకటరెడ్డి గారు. లోకం వారిని కె.వి. రెడ్డి అనే పొట్టి పేరుతోనే ఎరుగును. అంతటి సమృద్ధిని, అంతటి వెన్నెలను తెరపై కురిపించిన మనిషి ఏ గోదావరి ఒడ్డుననో, ఏ కృష్ణా డెల్టాలోనో పుట్టి ఉంటాడని ఎవరికైనా తోచడం సహజం. కాని వారు పుట్టినది వానకు మొగం వాచిన అనంతపురం మండలంలో.

ఆ నేల సంగతి విద్యార్థులకు భూగోళ పాఠంలో పరిచితమే. దక్కను పీఠభూమిలో, పడమటి కనుమల చాటున, రెండు ఋతుపవనాలకూ దూరంగా ఉన్న ప్రాంతమది. ఏడాది మొత్తం మీద కురిసే సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. రాజస్థానంలోని జైసల్మేరు తరువాత దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాగా దానిని చెప్పుకొంటూ వచ్చినారు. 1876లో మొదలైన ధాత కరవు ఆ సీమలో ఎన్ని ఊళ్లను పాడుపెట్టినదో పెద్దలు తరతరాలుగా కథలు కథలుగా చెప్పుకొన్నారు. ఆ కరవు గడచిన కొలది ఏండ్లకే, 1882లో, అనంతపురం బళ్లారినుండి విడివడి ప్రత్యేక జిల్లా అయినది.

అట్టి జిల్లాలో, పెన్న ఒడ్డున ఉన్న ఊరు తాడిపత్రి. పెన్న ఏటిలో ఏడాదిలో అధికభాగం ఇసుకయే కనిపిస్తుంది. కాని ఆ ఒడ్డుననే ఉన్న బుగ్గ రామలింగేశ్వరాలయంలో లింగం చెంత నీరు ఊరుతూ ఉంటుంది. ఊట గనుకనే ఆ దేవునికి బుగ్గ అనే పేరు వచ్చినది. ఆలయపు రాతి గోడలపై విజయనగర కాలపు శిల్పులు దేవతలను, నర్తకులను, లతలను, జంతువులను ఇంత ఖాళీ లేకుండా చెక్కినారు. నాటకరంగాన పేరు మ్రోగిన బళ్లారి రాఘవ 1880లో జన్మించినదీ ఈ తాడిపత్రిలోనే. నీటికి కరవైనను కళకు కరవులేని ఊరది. 1912వ సంవత్సరం జులై 1వ తేదీన కదిరి వెంకటరెడ్డి గారు ఆ ఊరిలో కన్ను తెరచినారు.

ఆ 1912వ సంవత్సరం కదిలే బొమ్మల చరిత్రలోనూ గుర్తుంచుకొనదగినది. బొమ్మను ఒకచోట నిలిపి ఒక్క చిత్రం తీయడం, దానిని వెంట్రుకవాసి జరిపి మరొక చిత్రం తీయడం, ఇట్లు తీసిన చిత్రాలన్నిటినీ వేగంగా నడిపి బొమ్మకు ప్రాణం వచ్చినట్లు చూపడం - ఈ పద్ధతికి పాశ్చాత్యులు స్టాప్ మోషన్ అని పేరు పెట్టినారు. ఆపి ఆపి చిత్రించడమని మనం చెప్పుకొనవచ్చును. రష్యా సామ్రాజ్యంలో లాడిస్లాస్ స్టారెవిచ్ అనే కీటకశాస్త్ర ప్రియుడు చచ్చిన పురుగుల కాళ్లకు తీగెలు కట్టి, వానిచేత మనుష్యులవలె నటింపజేసి, ఈ పద్ధతిలో ఒక హాస్యచిత్రాన్ని విడుదల చేసినది 1912లోనే. తరువాతి కాలంలో చెక్ దేశపు కొయ్యబొమ్మల చిత్రాలతో ప్రపంచంలోని పిల్లలను, పెద్దలను మురిపించిన ఈర్జి ట్రంకా పుట్టినది కూడ ఆ సంవత్సరంలోనే. వెంకటరెడ్డి గారికి ఈ ఇరువురితో పరిచయమున్నదని కాదు. దూర దూర దేశాలలో ఒకే కాలంలో ఒకే రకమైన విత్తనాలు పడుతుండినవని చెప్పడమే ఇక్కడి ఉద్దేశం.

మన దేశంలోనూ ఆ విత్తనం అప్పటికే పడినది. భారతీయ చలనచిత్రానికి ఆద్యుడని పేరొందిన దాదాసాహెబ్ ఫాల్కే, తన పురాణ చిత్రాలతోపాటు బఠాణి విత్తనం మొలకెత్తి తీగె సాగడాన్ని దినదినం కొంచెం కొంచెంగా చిత్రించినాడు. అగ్గిపుల్లలను కదిలించి ఒక చిన్న వినోదచిత్రం కూడ తీసినాడు. కాని ఇట్టి పొట్టి చిత్రాలు తెలుగు పిల్లలకు విరివిగా అందినది లేదు. మన పిల్లలకు ఆ ముచ్చట తీరినది పెద్ద పౌరాణిక చిత్రం కడుపులోనే. దానిని తీర్చినవారిలో అగ్రగణ్యులు వెంకటరెడ్డి గారు.

వారు మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో పట్టం పుచ్చుకొన్నారు. ప్రధానంగా చదివినది భౌతిక శాస్త్రం. ఈ సంగతి ముఖ్యమైనది. కాంతి ఎట్లు వంగునో, కంటికి బొమ్మ ఎట్లు కట్టునో, ఒక క్షణాన్ని ఎన్ని భాగాలు చేయవచ్చునో నేర్పే శాస్త్రమది. కథలు చెప్పబోయే మనిషికి ఆ చదువెందుకని ఆనాడు ఎవరైనా అడిగి ఉండవచ్చును. దానికి సమాధానం ఇరువది యేండ్ల తరువాత తెరమీద కనిపించినది.

చిత్రరంగంలో వారి తొలి ఉద్యోగం దర్శకత్వం కాదు, డబ్బు లెక్కలు. 1938లో వచ్చిన గృహలక్ష్మి చిత్రానికి వారు కోశాధికారిగా పనిచేసినారు. చిత్రాలు కలలతో మొదలైనను కాసులతో నడచునని ఆ కుర్చీలో కూర్చున్నవానికి తెలిసినట్లు మరొకరికి తెలియదు. పిమ్మట బి.ఎన్. రెడ్డి గారు, తాడిపత్రికే చెందిన మూలా నారాయణస్వామి గారు మొదలైన మిత్రులు కలసి వాహినీ సంస్థను నెలకొల్పినప్పుడు వెంకటరెడ్డి గారు నిర్మాణ వ్యవహారాలు చూచే బాధ్యత వహించినారు. వందేమాతరం, సుమంగళి, దేవత చిత్రాలు ఆ విధంగా వారి కండ్లయెదుట రూపు దాల్చినవి. ఎక్కడ ఎంత ఫిలిం వ్యర్థమగునో, ఎందుచేత ఒక దినం పని రెండు దినాలు పట్టునో వారు కనిపెట్టి చూచినారు.

దర్శకులుగా వారి మొదటి చిత్రం భక్త పోతన. రెండవ ప్రపంచ యుద్ధం సాగుతుండిన రోజులవి. ముడి ఫిలిం విదేశాలనుండి రావలెను, దొరకడమే గగనం. అట్టి కాలంలో తీసిన ఆ చిత్రం, పోతనగా చిత్తూరు నాగయ్య గారి నటనతో, తెలుగువారి ఇండ్లలో భక్తిగా తలచుకొనే చిత్రమైనది. 1947లో యోగి వేమన వచ్చినది. వేమన సమాధి ఉన్న కటారుపల్లి, వెంకటరెడ్డి గారి ఇంటి పేరైన కదిరికి చేరువనే ఉన్నది. ఆ సీమ నమ్మకాలను, ఆ సీమ వైరాగ్యాన్ని ఎరిగిన మనిషి తీసిన చిత్రమది. ఐనను ఆ మేలిమి చిత్రానికి డబ్బు రూపంలో ఆశించిన ఆదరణ లభించలేదు.

అప్పటినుండి వారి దృష్టి జానపద కథల వైపు మళ్లినది. 1949లో గుణసుందరి కథ వచ్చినది. షేక్స్పియరు వ్రాసిన లియరు రాజు కథను పింగళి నాగేంద్రరావు గారు తెలుగు అమ్మమ్మ చెప్పే కథగా మార్చివేసినారు. 1951లో విజయా సంస్థకు తీసిన పాతాళ భైరవి, మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీ మజిలీ కథల ప్రేరణతో పుట్టినది. తోటమాలి కొడుకు, రాజుగారి కూతురు, నేపాళ మాంత్రికుడు, కోరినది ఇచ్చే చిన్న విగ్రహం - పిల్లలకు ఇంతకంటె ఏమి కావలెను? 1952లో మన దేశంలో మొట్టమొదట జరిగిన అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో దక్షిణ భారతం తరపున ప్రదర్శితమైన చిత్రం అదొక్కటే.

వెంకటరెడ్డి గారి పనితీరులో అందరూ చెప్పుకొనే వస్తువు ఒకటి ఉన్నది. అది పరుగు పందెములలో వాడే స్టాప్ వాచి. చిత్రీకరణ మొదలు కాకముందే వారు ప్రతి సన్నివేశాన్ని చదివించి, నటింపజేసి, ఆ గడియారంతో కొలిచేవారు. ఏ మాట ఎన్ని క్షణాలు పట్టును, ఏ నడక ఎన్ని క్షణాలు పట్టును, అంతా ముందుగానే కాగితం మీదికి ఎక్కేది. చిత్రం పూర్తియైన తరువాత దాని నిడివి చూస్తే, ముందు వ్రాసిన లెక్కకు దగ్గరగానే ఉండేదని వారి వద్ద పనిచేసినవారు చెప్పినారు.

ఈ లెక్క ఎట్టిదో విద్యార్థులు తామే వేసి చూడవచ్చును. వెండితెరపై సెకనుకు 24 చిత్రాలు నడుస్తాయి. అనగా నిమిషానికి 1440 చిత్రాలు. ఒక అడుగు ఫిలింలో 16 చిత్రాలు ఇముడుతాయి. కనుక ఒక్క నిమిషానికి 90 అడుగుల ఫిలిం కావలెను. మాయాబజారు తెలుగు చిత్రం మూడు గంటల నాలుగు నిమిషాల నిడివి గలది. దానిలో సుమారు 2,65,000 చిత్రాలున్నవన్నమాట. విదేశపు ఫిలింకు దేశపు డబ్బు చెల్లించవలసిన రోజులలో ప్రతి అడుగూ విలువైనదే. వాన చుక్కను లెక్కపెట్టుకొనే సీమనుండి వచ్చిన మనిషి ఫిలిం అడుగులను లెక్కపెట్టినాడనడంలో కొంత కవిత్వం ఉండవచ్చును గాని, అబద్ధం లేదు.

ఇక లడ్డు సంగతికి వద్దాము. ఆపి ఆపి చిత్రించే పద్ధతిలో ఒక లడ్డు పళ్లెంనుండి నోటివరకు రెండు సెకనులు ప్రయాణం చేయవలెనన్న, దానిని 48 తావులలో నిలుపవలెను. ఒక్కొక్క తావున కెమేరా ఒక్కొక్క చిత్రం తీసికొని ఆగుతుంది. మనిషి వచ్చి లడ్డును కొంచెం జరిపి తొలగిపోతాడు. మరల ఒక చిత్రం. ఈ లోపల దీపాల వెలుగు మారరాదు. ప్రక్కనున్న పళ్లెం కదలరాదు. తొలగిపోయిన మనిషి నీడ కూడ మిగలరాదు. ఒక్క పొరపాటు జరిగినచో మొదటినుండి మరల మొదలు పెట్టవలసినదే. మరొక ఉపాయం దీనికంటె పాతది. కెమేరాను ఆపి, వస్తువును తీసివేసి, మరల నడిపినచో ఆ వస్తువు చూస్తుండగానే మాయమైనట్లు కనబడుతుంది. ఫ్రాన్సు దేశపు ఇంద్రజాలికుడు జార్జి మెలియే పందొమ్మిదవ శతాబ్ది చివరనే దీనితో ఆటలాడినాడు. 1907లో అమెరికాలో బ్లాక్టన్ అనే ఆయన ఒక దయ్యాల పూటకూళ్ల ఇంటి కథను చిత్రించి, అందులో కత్తి తనంతట తానే రొట్టె కోయడం, కూజా తనంతట తానే వంగి పోయడం చూపినప్పుడు జనం విస్తుపోయినారు.

యాబది యేండ్ల తరువాత మద్రాసులో జరిగిన ఘటోత్కచుని విందు ఆ రొట్టె ముక్కకు దూరపు బంధువే. కాని రెంటికీ ఒక భేదమున్నది. బ్లాక్టన్ బల్లపై రొట్టె మాత్రమే ఉన్నది, కె.వి. రెడ్డి గారి పళ్లెములలో అప్పడాలు, గారెలు, లడ్లు, మన పెండ్లింటి వాసన అంతా ఉన్నది. అదియు గాక, ఆ పళ్లెముల నడుమ ఎస్.వి. రంగారావు గారు ఉన్నారు. రాని లడ్డుకు నోరు తెరవడం, లేని రుచికి కనుబొమ్మలు ఎగురవేయడం సామాన్య నటులకు చేతనయ్యే పని కాదు. వస్తువు చేసే మాయను నమ్మించునది మనిషి ముఖమే. ఆ రహస్యం తెలిసినందువల్లనే దర్శకులు కెమేరా చమత్కారాన్ని నటునికి అప్పగించినారు గాని, నటుని చమత్కారానికి బలి పెట్టలేదు.

ఆ చమత్కారాలను సాధించిన ఛాయాగ్రాహకులు మార్కస్ బార్ట్లే గారు. ఆంగ్లో ఇండియన్ కుటుంబానికి చెందిన ఆయన వెలుగుతోనే వెన్నెల కల్పించగల నేర్పరి. కళాదర్శకులు గోఖలే, కళాధర్ గారలు స్టూడియో నేలమీద ద్వారకా నగరాన్ని బొమ్మ ఇండ్లతో నిలిపినారు. పింగళి వారు వస్తువులకు కొత్త పేర్లు కల్పించినారు. కంబళి కదులుతుంది, తల్పం పడుకొన్నవారిని పడదోస్తుంది. పెట్టె మూత తెరచినవారికి వారు ప్రేమించినది కనబడుతుంది. పీట ఎక్కినవారి నోట నిజమే వెలువడుతుంది. ప్రాణం లేని వస్తువు ప్రాణమున్న మనిషికి బుద్ధి చెప్పడం పిల్లలకు ఎల్లప్పుడు ప్రీతిపాత్రమైన విషయం. పెద్దల గర్వాన్ని ఒక చాప అణచివేసినదని చూచినప్పుడు పసివానికి కలిగే తృప్తి ఇంతింత కాదు. ఆ తృప్తిలో పెద్దలు కూడ పాలు పంచుకొనడం ఈ చిత్రపు విశేషం.

శశిరేఖా పరిణయ కథ వ్యాస భారతంలో లేదు. జనం నోట పుట్టి, నాటకాలలో, పాటలలో పెరిగిన కథ అది. 1936లోనే తెలుగులో ఒకసారి చలనచిత్రమైనది కూడ. కథ అందరికీ తెలిసినదే కనుక తరువాత ఏమి జరుగునన్న ఆత్రుత ప్రేక్షకునకు తక్కువ. ఎట్లు జరుగునన్న ఆత్రుత ఎక్కువ. బొమ్మలాటకు పోయే పల్లెటూరి కుటుంబం ఆత్రుత కూడ ఇట్టిదే.

అనంతపురం సీమకు ఈ ఆత్రుత చిరకాలంగా పరిచితం. ధర్మవరం ప్రాంతంలోని నిమ్మలకుంట, 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో నేడు చేరి ఉన్నది. తోలుబొమ్మల కళాకారుల ఊరది. మేకతోలును పలుచన చేసి, రంగులు వేసి, చిన్న చిన్న రంధ్రాలు పొడిచి, వెనుక దీపం పెట్టి, తెల్లని తెరపై రామాయణ భారతాలను ఆడించే విద్య అక్కడ తరతరాలుగా సాగినది. ఆ ఊరికి చెందిన దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ పురస్కారం ప్రకటించినారు. రాత్రంతా సాగే ఆ ఆటను తాత మొదలు చంటిబిడ్డ వరకు ఒకే చాపమీద కూర్చుండి చూచేవారు. వీరుని యుద్ధం నడుమ హాస్యగాని బొమ్మ వచ్చి గెంతేది. నిద్రపోయిన పిల్లలు లేచేవారు.

తోలుబొమ్మను ఆడించే చేయి తెరకు వెనుక ఉంటుంది. ఆపి ఆపి చిత్రించే పద్ధతిలో బొమ్మను జరిపే చేయి రెండు చిత్రాల నడుమ దాగి ఉంటుంది. ఒకటి చోటులో దాచడం, ఒకటి కాలంలో దాచడం. ఇంతకు మించి రెంటికి భేదం లేదు. మాయాబజారు చూచిన పల్లె ప్రజలు దానిని పరాయి విద్యగా భావింపక, తమ బొమ్మలాటకే కొత్త దీపం పెట్టినారని ఆనందించడానికి ఈ చుట్టరికమే కారణమని తోస్తుంది.

వెంకటరెడ్డి గారు మాయలకే పరిమితమైన దర్శకులని అనుకొనడం పొరపాటు. 1954లో వారు తీసిన పెద్దమనుషులు చిత్రం, ఊరి పెద్దల ముసుగు తొలగించిన సాంఘికం. డి.వి. నరసరాజు గారు దానికి రచన చేసినారు. ఇబ్సెన్ నాటకం దానికి ప్రేరణ. ఆ యేటి ఉత్తమ తెలుగు చిత్రంగా దానికి రాష్ట్రపతి రజత పతకం లభించినది. 1955లో అన్నపూర్ణా సంస్థ తన తొలి చిత్రమైన దొంగ రాముడును వారిచేతనే తీయించినది. 1958లో వచ్చిన పెళ్లినాటి ప్రమాణాలు చిత్రానికి కూడ జాతీయ పురస్కారం దక్కినది. సాంఘికమైనను, జానపదమైనను, పౌరాణికమైనను వారి గడియారం ఒక్కటే. 1961లో జగదేకవీరుని కథలో ఒకే తెరమీద పలువురు రామారావులు కూర్చుండి ఒకరు పాడ, ఒకరు వాయించ, రాయి కరిగే దృశ్యం చూచి ప్రేక్షకులు మరల ముగ్ధులైనారు. ఫిలింలో కొంత భాగాన్ని కప్పి ఉంచి, ఒకసారి తీసిన దానిపైననే మరల మరల తీసే కష్టమైన పని అది. అందులోనూ ప్రాణం లెక్కలోనే ఉన్నది.

కాని కాలాన్ని ఇంతగా కొలిచిన మనిషికి కాలం ఎల్లవేళల అనుకూలించలేదు. 1963లో శ్రీకృష్ణార్జున యుద్ధం తరువాత వారి చిత్రాలకు పూర్వపు ఆదరణ తగ్గినది. 1965లో వచ్చిన సత్య హరిశ్చంద్ర నిలువలేదు. 1968లో వచ్చిన ఉమా చండీ గౌరీ శంకరుల కథ, భాగ్యచక్రం ప్రేక్షకులను రంజింపజేయలేదు. ప్రేక్షకుల అభిరుచి మారుతుండినది. చిత్రాల వేగం మారుతుండినది. పదేండ్లకు ముందు క్షణం తప్పక జనహృదయానికి తగిలిన లెక్క ఇప్పుడు తప్పిపోవసాగినది. సన్నివేశం ఎన్ని క్షణాలుండవలెనో స్టాప్ వాచి చెప్పగలదు; ప్రేక్షకుని మనస్సు ఎప్పుడు మళ్లునో అది చెప్పలేదు. విజయాలు తెచ్చినప్పుడు చుట్టూ చేరే లోకం అపజయాలలో దూరమగుట చిత్రరంగంలో కొత్త కాదు. ఆ చేదు వారికి కూడ తప్పలేదు.

ఐనను వారు తమ పద్ధతి విడువలేదు. 1971లో రామారావు గారు కథానాయకులుగా శ్రీకృష్ణసత్య చిత్రాన్ని పూర్తి చేసినారు. వారి దర్శకత్వంలో వచ్చిన చిత్రాలలో అదే కడపటిది. ఆ చిత్రం గౌరవప్రదంగా ఆడినది. మరుసటి సంవత్సరం, 1972 సెప్టెంబరు 15వ తేదీన, అరువదవ యేట వెంకటరెడ్డి గారు దివంగతులైనారు. మూడు దశాబ్దాల దర్శకత్వంలో వారు తీసిన చిత్రాల సంఖ్య పెద్దది కాదు. తొందరపడి తీయడం వారికి చేతకాని పని.

పోయినవారి విద్య శిష్యులలో నిలుస్తుంది. మాయాబజారుకు సహాయకులుగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు గారు తరువాత స్వయంగా పెద్ద దర్శకులై, మాటలు లేని చిత్రాన్ని, మరుగుజ్జు నాయకుని చిత్రాన్ని తీసి మెప్పు పొందినారు. 2008లో ఆయన పిల్లలకొరకు ఘటోత్కచుని కథనే పూర్తిగా బొమ్మల చిత్రంగా తీసినారు. గురువు తన చిత్రం నడుమ కదిలించిన బొమ్మ, శిష్యుని చేతిలో చిత్రమంతా నిండినది. 2010లో మాయాబజారుకు యంత్రాల సాయంతో రంగులద్ది మరల విడుదల చేసినారు. 2013లో ఒక వార్తా ప్రసార సంస్థ దేశమంతట అభిప్రాయాలు సేకరించినప్పుడు, భారతీయ చిత్రాలలో మిన్నయైనదిగా జనం మాయాబజారునే ఎన్నుకొన్నారు.

ఇన్ని గౌరవాలు జరిగినను, ఈ జీవితంనుండి గ్రహింపవలసినది గౌరవాల పట్టిక కాదు. పిల్లలు మాయను చూచినప్పుడు అది ఎక్కడో ధనవంతుల దేశంలో, పెద్ద యంత్రాలతో మాత్రమే పుట్టునని భావిస్తారు. అనంతపురం బాలుడు అట్లు భావింపక తప్పదేమోనని కూడ ఒక్కొక్కప్పుడు అనిపిస్తుంది. తన చుట్టూ కనిపించునది ఎండిన చెరువు, వేరుశనగ చేను, నాపరాళ్ల గుట్ట. కాని ఆ రాళ్ల నడుమనే పుట్టి పెరిగిన ఒక మనిషి, భౌతిక శాస్త్రం, కోశాధికారి లెక్కల పుస్తకం, ఒక గడియారం - ఈ మూటినే మూలధనంగా పెట్టుకొని దేశానికి విందు చేసినాడు. ఆశ్చర్యాన్ని పుట్టించునది సంపద కాదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు. ఓపికగా కొలిచే చేయి కావలెను.

ఉపాధ్యాయులు తలచుకొన్నచో ఈ పాఠాన్ని తరగతి గదిలోనే చెప్పవచ్చును. నేడు చిత్రం తీయగల చేతిఫోను పల్లెలలోనూ దొరుకుతున్నది. దానిని రెండు ఇటుకల నడుమ కదలకుండ నిలిపి, బల్లమీద ఒక సుద్దముక్కను ఉంచి, గోరంత జరుపుతూ 24 చిత్రాలు తీసినచో, ఆ సుద్దముక్క సరిగా ఒక్క సెకను నడుస్తుంది. రెండు సెకనులు నడిపింపవలెనన్న 48. బల్ల చుట్టూ ఉన్న పిల్లలలో ఒకరు జరుపుతారు. ఒకరు లెక్క చెప్తారు. ఒకరు వెలుగు మారకుండ కిటికీ కాపు కాస్తారు. ఎవరైనా తుమ్మినచో అందరూ నవ్వి మొదటినుండి మొదలు పెడతారు. సుద్దముక్క నడచిన ఆ ఒక్క సెకనును చూచుకొని వారు వేసే కేకలో, తాడిపత్రి వెంకటరెడ్డి గారు తెలుగు పిల్లలకు ఇచ్చిపోయిన ఆనందం వినవస్తుంది.